చెట్టు పచ్చగా ఉంది, మరి నేల సంగతేమిటి?

ఒడిశాలోని కొరాపుట్, రాయగడ జిల్లాల్లో అల్యూమినియం ఖనిజమైన బాక్సైటు తవ్వకాల మాట వచ్చిన ప్రతిసారీ అన్ని పక్షాలవాళ్ళూ చెట్టునే సాక్ష్యానికి పిలుస్తారు. కొండ నెత్తిన ఎటూ చెట్లు లేవు కాబట్టి తవ్వితే పోయేదేమీ లేదని కొందరంటారు. తవ్వేసిన చోట నాటిన మొక్కలు ఏపుగా పెరిగాయి కాబట్టి నేల మళ్ళీ బాగుపడిందని ఇంకొందరంటారు. కరెంటు ప్లాంటు బూడిదను వదిలే చెరువు గట్టున నిలిచిన ఒక్క తుమ్మచెట్టును చూపించి ప్రకృతి ఎంతటి విషాన్నయినా హరిస్తుందని చెప్పేవారున్నారు. ఒకసారి చెడిన నేలలో ఇక గడ్డిపోచ కూడా మొలవదని వాదించేవారూ ఉన్నారు. రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, జయపురం ప్రాంతాల్లో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్ళ ఇళ్ళలో ఈ నాలుగు మాటలూ వినబడతాయి. ఏ మాట ఎంతవరకు నిలుస్తుందో తేల్చుకోవాలంటే చెట్టు పేద నేలలో ఎలా బతుకుతుందో, విషం కలిసిన నేలలో ఎలా బతుకుతుందో విడివిడిగా చూడాలి. ఎందుకంటే ఆ రెండు బతుకులూ ఒకటి కావు.

పేద నేల వేరు, చెడిన నేల వేరు

పేద నేల అంటే మొక్కకు కావలసినవి తక్కువగా ఉన్న నేల. నత్రజని, భాస్వరం, సున్నం, నీరు, వీటిలో ఏదో ఒకటి, తరచుగా రెండు మూడు, అక్కడ చాలవు. కంకర మెట్టలు, ఇసుక గరువులు, పోడు కొట్టి మూడు నాలుగేళ్ళు పంట తీసి వదిలేసిన వాలులు ఈ కోవలోకి వస్తాయి. చెడిన నేల అంటే మొక్కకు అపకారం చేసేవి ఎక్కువగా చేరిన నేల: బాక్సైటు నుంచి అల్యూమినియం ముడిసరుకైన అల్యూమినాను తీసే కర్మాగారం వదిలే ఎర్ర బురద, కరెంటు ప్లాంటు బూడిద, గనిలోంచి తీసి పోసిన మట్టి దిబ్బ వంటివి. మొదటిదానిలో లేమితో బాధ, రెండోదానిలో ఉన్నదానితో బాధ. లేమిని వెతుకులాటతో, పొదుపుతో గట్టెక్కవచ్చు. విషానికి ఆ రెండూ సరిపోవు, దాన్ని లోపలికి రానివ్వకుండా ఆపాలి, లేదా వచ్చినదాన్ని ఎక్కడో దాచిపెట్టాలి.

'మొక్క ఆ నేలకు అలవాటు పడింది' అనే మాటలోనూ రెండు అర్థాలు కలిసిపోయి ఉన్నాయి. ఒక చెట్టు తన ఒక్క జీవితకాలంలోనే వేరునూ ఆకునూ నేలకు తగ్గట్టు మార్చుకోవడం ఒకటి. ఎన్నో తరాలలో తట్టుకోలేనివి చచ్చిపోయి, తట్టుకున్నవాటి విత్తనాలే మిగిలి, జాతి మొత్తం ఆ నేలకు తగినదిగా మారడం రెండోది. నర్సరీ నుంచి తెచ్చి నాటిన మొక్కకు చేతనయ్యేది మొదటిది మాత్రమే.

కొండ నెత్తి ఎందుకు బోడిగా ఉంటుంది

ఈ కొండల అసలు రాయి ఖోండలైటు. ఇక్కడి కోందు గిరిజనుల పేరు మీదనే భూగర్భ శాస్త్రజ్ఞులు దానికి ఆ పేరు పెట్టారు. లక్షల సంవత్సరాల వానలు ఆ రాతిలోని సున్నాన్ని, పొటాషును, మెగ్నీషియాన్ని, చివరికి ఇసుకకు మూలమైన సిలికానూ కరిగించి పట్టుకుపోగా, కరగని ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు పైన పెంకులాగా మిగిలిపోయాయి. ఆ పెంకునే లేటరైటు అంటారు. ఒడియాలో మాంకడ రాయి అంటారు. అల్యూమినియం పాలు ఎక్కువైన చోట అదే బాక్సైటు. 1980లలో తవ్వకం మొదలైన పంచపట్మాలి కొండ పైభాగం ఇలాంటిదే. మరి ఈ రాయి మొక్కకు ఏం చేస్తుంది? మొదటిది, గట్టి పెంకులో వేరు దిగదు, పైన మట్టి జానెడు కూడా ఉండదు. రెండోది, అంతకన్నా పెద్దది: నేలలో ఉన్న కాస్త భాస్వరాన్ని కూడా ఈ ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు పట్టుకుని వదలవు. మట్టిని పరీక్షకు పంపితే మొత్తం భాస్వరం కొంత కనబడుతుంది గాని, వేరుకు అందేది అందులో అతి స్వల్పం.

అందుకే అక్కడ గడ్డి, చిట్టీత, మోకాలెత్తు పొదలు కనిపిస్తాయి. అదే కొండ వాలు మీదికి దిగితే, పెంకు విరిగి మట్టి జారి చేరిన చోట దట్టమైన అడవి ఉంటుంది. ఏటేటా వచ్చే మంటలు, మేత, పోడు కూడా ఈ బోడితనానికి కారణమేనని కొందరు పరిశోధకుల వాదన. నేల స్వభావమే ముఖ్య కారణమని మరికొందరి వాదన. ఒకే కొండ మీద రెండూ కలిసి పనిచేస్తున్నాయని నాకు అనిపిస్తుంది. అయితే చెట్టు లేకపోవడాన్ని బట్టి ఆ నేలకు విలువ లేదనడం మాత్రం తొందరపాటు. రంధ్రాల మయమైన ఆ పెంకు వాననీటిని స్పంజిలా పీల్చుకుంటుంది. దాని కింద రాయి మెత్తబడి బంకమట్టిగా మారిన పొర ఉంటుంది. పై నీరు ఆ పొరను తాకి పక్కకు నడిచి కొండ అంచుల్లో ఊటగా బయటపడుతుంది. వాలు మీది అడవి తాగేది ఆ నీళ్ళే. 2013లో కోందులు దేవుడిగా కొలిచే నియమగిరి కొండ మీద తవ్వకం గురించి పన్నెండు గ్రామసభలను అడిగినప్పుడు పన్నెండూ వద్దన్నాయి. ఆ సభల్లో దేవుడి మాటతో పాటు వాగుల మాట కూడా వచ్చింది.

ఆకుకు తగ్గించి వేరుకు పెట్టడం

తిండి దొరకని చోట చెట్టు చేసే మొదటి పని తన రాబడిని వేరే ఖాతాకు మళ్ళించడం. ఎండలో ఆకు తయారుచేసిన పిండిపదార్థాన్ని కొమ్మకూ ఆకుకూ తగ్గించి, వేరుకు ఎక్కువ పెడుతుంది. నీడలో పెరిగే మొక్క దీనికి సరిగ్గా వ్యతిరేకంగా, వేరుకు తగ్గించి ఆకుకు పెడుతుంది. ఏది కరువో దాన్ని వెతికే అవయవానికే ఖర్చు పెట్టడమన్నమాట.

దీనికి మన కొండల్లో సాల మొక్కను మించిన ఉదాహరణ లేదు. గుగ్గిలం చెట్టు అనేదీ ఇదే. మొలకెత్తిన సాల మొక్క ఎండాకాలానికి పైభాగం పూర్తిగా ఎండిపోయి చచ్చినట్టే కనబడుతుంది. వాన పడగానే మళ్ళీ చిగురిస్తుంది, మళ్ళీ ఎండిపోతుంది. కొన్నేళ్ళపాటు ఇదే తంతు. ఈలోగా నేల కింద వేరు మాత్రం ఏటికేడు లావెక్కుతూ, లోతుకు దిగుతూ ఉంటుంది. చాలినంత నిల్వ చేరిన తరువాత ఒక ఏడు కాండం నిటారుగా లేచి ఇక ఎండదు. పైనుంచి చూసి మొక్కలు లెక్కపెట్టేవారికి ఆ కొన్నేళ్ళూ అక్కడ అడవి లేనట్టే.

రెండో పని పొదుపు. పేద నేలలోని చెట్ల ఆకులు సాధారణంగా దళసరిగా, చిన్నవిగా, ఎక్కువకాలం నిలిచేవిగా ఉంటాయి. ఆకు రాల్చే ముందు చెట్టు అందులోని నత్రజనినీ భాస్వరాన్నీ సుమారు సగం వరకు వెనక్కి లాక్కుంటుంది. పండుటాకు పసుపు రంగు ఆ లాగివేతకు గుర్తు. లెక్క వేసి చూద్దాం. ఒక హెక్టారు అడవి ఏడాదికి 4 టన్నుల ఎండుటాకు రాలుస్తుందని, పచ్చి ఆకు పొడి బరువులో భాస్వరం 0.1 శాతమని అనుకుంటే, ఆ ఆకులన్నింటిలో ఉన్నది 4 కిలోల భాస్వరం. సగం వెనక్కి పోగా నేల మీద పడేది 2 కిలోలు. ఒక 50 కిలోల డీఏపీ ఎరువు బస్తాలో సుమారు 10 కిలోల భాస్వరం ఉంటుంది. అంటే రెండున్నర ఎకరాల అడవి తన ఆకులన్నింటికీ ఏడాది పొడవునా వాడుకున్నది అరబస్తా కన్నా తక్కువ. ఇలా చేతిలో ఉన్నదాన్నే తిప్పుకుంటూ బతికే అడవిని కొట్టి కలపనూ ఆకునూ బయటికి తరలిస్తే నేల ఎంత వేగంగా ఖాళీ అవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

కాఫీ తోటలో సిల్వర్ ఓక్ వేళ్ళు

కొరాపుట్ కాఫీ తోటల్లో నీడ కోసం సిల్వర్ ఓక్ చెట్లు పెంచుతారు. కిందటి వానాకాలంలో అలాంటి ఒక చెట్టు మొదట్లో తడి ఆకుల పరుపును చేత్తో పక్కకు తీసి చూశాను. మట్టికీ ఆకుకూ మధ్య, సీసాలు కడిగే బ్రష్షు లాంటి వేళ్ళు పరుచుకుని ఉన్నాయి. ఒక సన్నని వేరు చుట్టూ, వేలి కణుపంత పొడవులో, వందల చిన్న వేళ్ళు ఒకదానికొకటి ఆనుకుని, మధ్య మట్టిని ముద్దగా పట్టుకుని ఉన్నాయి. వీటిని గుత్తి వేళ్ళు అనవచ్చు. ఇవి కొద్దివారాలే బతుకుతాయి. ఆ కొద్దికాలంలో నిమ్మకాయలో ఉండే సిట్రిక్ ఆమ్లం వంటివాటిని ఒక్కసారిగా మట్టిలోకి వదిలి, ఇనుము, అల్యూమినియం బిగించి పట్టుకున్న భాస్వరాన్ని విడదీసి పీల్చుకుంటాయి. ఆస్ట్రేలియాలోని పేద నేలల్లో విరివిగా పెరిగే చెట్ల కుటుంబానికి చెందినది కాబట్టి దానికి ఈ విద్య పుట్టుకతో వచ్చింది. భాస్వరం దండిగా ఉన్న నేలలో నాటితే ఇదే చెట్టు గుత్తి వేళ్ళు వేయడం తగ్గించేస్తుంది, అక్కడ వాటి ఖర్చు దండుగ కాబట్టి.

గంజాం తీరపు ఇసుకలో నిలిచే సరుగుడు ఇంకో దారి పట్టింది. ఒక నర్సరీలో సరుగుడు నారు పీకి చూస్తే వేళ్ళకు గోధుమరంగు ముడులు కనిపించాయి. పురుగు పట్టిందేమోనని అడిగితే అక్కడ సంచులు నింపుతున్న పెద్దావిడ, "తెగులు కాదు బాబూ, ఆ బుడిపెలు కట్టిన మొక్కే ఇసకలో నిలుస్తాది" అంది. ఆ ముడుల్లో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి ఉండి గాలిలోని నత్రజనిని చెట్టుకు అందేలా మారుస్తుంది. బదులుగా చెట్టు దానికి చక్కెర పెడుతుంది. కంది, తుమ్మ, సుబాబుల్ వంటివి రైజోబియం అనే సూక్ష్మజీవితో చేసుకునే ఒప్పందం లాంటిదే ఇది, భాగస్వామి మాత్రం వేరు.

అన్నిటికన్నా విస్తారమైన ఒప్పందం బూజుతో. భూమి మీద చాలా చెట్ల వేళ్ళు ఏదో ఒక రకం బూజుతో కలిసే పనిచేస్తాయి. వేరుకన్నా బూజు పోగు ఎందుకు లాభమో చిన్న లెక్క చెబుతుంది. అర మిల్లీమీటరు మందమున్న వేరుకూ, అందులో నూరోవంతు మందమున్న బూజు పోగుకూ పోలిక తీస్తే, ఒక మీటరు వేరుకు పట్టే సరుకుతో పది వేల మీటర్లు, అంటే పది కిలోమీటర్ల పోగు నేయవచ్చు. వేరు దూరలేని సందుల్లోకి ఆ పోగు దూరి భాస్వరాన్ని తెస్తుంది. తొలకరి తరువాత సాల అడవుల్లో ఏరుకుని సంతకు తెచ్చే గుండ్రని పుట్టగొడుగు, బస్తర్ వైపు బోడ అనేది, సాల వేళ్ళను అంటిపెట్టుకున్న అలాంటి ఒక బూజు వేసిన కాయే. సంతలో బోడ రాశి పోసి ఉందంటే దగ్గరలో సాల వేళ్ళు బతికి పనిచేస్తున్నాయన్నమాట.

సుబాబుల్ ఎందుకు గిడసబారుతుంది, లొద్దుగ ఎందుకు ఎదుగుతుంది

పేద నేల, విషపు నేల అన్న విభజన ఎర్ర కొండ నేలల దగ్గరికి వచ్చేసరికి కొంత కలగాపులగమవుతుంది. నేల పులుపును పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు. 7 మధ్యస్థం, అంకె తగ్గేకొద్దీ పులుపు పెరుగుతుంది. అది 5కు దరిదాపుల్లోకి వచ్చి ఇంకా దిగితే, రాయిగా పడి ఉన్న అల్యూమినియం కొంత కరిగి వేళ్ళకు తగులుతుంది. అప్పుడు వేరు కొన పొడవు పెరగడం మానేసి, మొద్దుబారి, గోధుమరంగుకు తిరుగుతుంది. కర్మాగారం ఏదీ లేకుండానే నేలలోంచి పుట్టిన విషమిది.

సుబాబుల్ దీన్ని తట్టుకోలేదు. కోస్తా జిల్లాల్లో సున్నం ఉన్న నేలల్లో రెండు మూడేళ్ళకే కర్రకొచ్చే ఈ చెట్టు, పుల్లని ఎర్ర మెట్టలో గిడసబారి నిలిచిపోతుంది. దాని వేరు ముడులు కూడా సరిగా కట్టవు. విత్తనం మంచిది కాదనో నీళ్ళు చాలలేదనో రైతు అనుకుంటాడు గాని, అడ్డుపడింది అల్యూమినియం. కొన్ని ఇతర చెట్లు వేరు కొనల నుంచి ఆమ్లాలు వదిలి, కరిగిన అల్యూమినియాన్ని బయటే కట్టిపడేస్తాయి. ఇంకొన్ని దాన్ని లోపలికే రానిచ్చి ఆకుల్లో హాని లేని రూపంలో దాస్తాయి. తేయాకు ముదురు ఆకుల్లో ఇలాగే చేస్తుంది. మన అడవుల్లోని లొద్దుగ జాతి చెట్లు కూడా అంతే. పటిక కూడా అల్యూమినియం లవణమే కాబట్టి, పూర్వం అద్దకం పనివాళ్ళు బట్టకు రంగు పట్టడానికి పటికకు బదులు లొద్దుగ జాతి ఆకునూ బెరడునూ వాడేవారు. రసాయన శాస్త్రం పేరు పెట్టకముందే ఏ చెట్టు ఏం దాచుకుందో వాళ్ళ చేతులకు తెలుసు.

మనిషి చెరిచిన నేలలో చెట్టు ఏం చేస్తుంది

బాక్సైటు నుంచి అల్యూమినా తీయడానికి కాస్టిక్ సోడా వాడతారు. ఒక టన్ను అల్యూమినాకు సుమారు టన్ను నుంచి టన్నున్నర ఎర్ర బురద మిగులుతుంది. దాని పీహెచ్ 10 నుంచి 13 వరకు ఉంటుంది, అంటే కొండ మీది పులుపుకు పూర్తిగా ఎదురు కొస. సోడియం మట్టి రేణువులను విడగొట్టడం వల్ల తడిస్తే జిగురుగా, ఎండితే సిమెంటులా మారుతుంది. అందులో ఇనుము కుప్పలుగా ఉన్నా, అంత క్షారంలో అది కరగదు కాబట్టి మొక్క ఇనుము అందక పసుపెక్కి చస్తుంది. జిప్సం, పశువుల ఎరువు వంటివి కలిపి కొంత మార్చాకే తట్టుకునే జాతులు నిలుస్తాయి. కొండ పైన లొద్దుగకు వచ్చిన విద్య కొండ కింద ఈ బురదలో ఎందుకూ పనికిరాదు.

బూడిద సమస్య మరొకటి. బొగ్గు మండినప్పుడే నత్రజని పొగలో పోతుంది, బోరాన్ అనే మూలకం మిగులుతుంది. అది నీటితో పాటు పైకి ఎక్కి, నీరు ఆవిరయ్యే ఆకు అంచుల్లో పేరుకుని, అంచులను మాడ్చేస్తుంది. సర్కారు తుమ్మ, జిల్లేడు, లొట్టపీసు, రెల్లు వంటివి అక్కడ ముందుగా వస్తాయి. సర్కారు తుమ్మకు నత్రజని ముడుల ఆసరా ఉంది. రెల్లు వేళ్ళతో బూడిదను అల్లి పట్టుకుంటుంది. చాలా మొక్కలు బోరాన్ నిండిన ఆకులను రాల్చి బరువు దించుకుంటాయి. గట్టున పచ్చగా కనిపించే ఆ తుమ్మచెట్టు కింద బోరాన్ ఎక్కడికీ పోలేదు, ఆకుగా రాలి మళ్ళీ అదే బూడిదలో చేరింది.

గని మట్టి దిబ్బలో రసాయనం కన్నా బిగుతు ఎక్కువ బాధపెడుతుంది. లారీలు తొక్కిన మట్టిలో వేరు కిందికి పోలేక పక్కకు తిరుగుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత పర్లాకిమిడి దారిలో కూలిన జీడిమామిడి చెట్ల మొదళ్ళు చూశాను. కొన్నింటి వేళ్ళ పళ్ళెం చాపలా పలచగా, అడుగు భాగం గట్టి పొరను తాకి నున్నగా ఉంది. ఆ చెట్లు అంతకుముందు ఎండాకాలంలో కాపు కాసిన చెట్లే.

'చెట్టు విషాన్ని పీల్చేస్తుంది' అనే మాటకు లెక్క

లోహాల విషయంలో మొక్కలను స్థూలంగా రెండు తెగలుగా చూస్తారు: లోహాన్ని వేరు దగ్గరే ఆపేవి, పైకి తెచ్చి దాచేవి. చెట్లలో ఎక్కువ మొదటి తెగ. వేరు గోడల్లో, బూజు తొడుగులో లోహాన్ని పట్టి ఉంచుతాయి. పరిశుభ్రమైన మట్టి ఎక్కడ దొరికితే అటు వేళ్ళు ఎక్కువగా వేసి విషపు చోటును తప్పించుకుంటాయి. రెండో తెగలో అబ్బురమనిపించేవి ఉన్నాయి. పసిఫిక్ మహాసముద్రంలోని న్యూ కాలెడోనియా దీవిలో ఒక చెట్టు పాలు నీలి ఆకుపచ్చగా ఉంటాయి. ఎండబెట్టిన ఆ పాలలో నాలుగో వంతు వరకు నికెల్ ఉంటుందని 1976లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అయితే అది లక్షల ఏళ్ళు నికెల్ నేలలోనే పుట్టి పెరిగిన జాతి.

మనం నాటే మామూలు చెట్టుతో నేల శుభ్రపడటానికి ఎంత కాలం పడుతుందో ఊహా లెక్క ఒకటి వేద్దాం. ఒక హెక్టారులో పై 20 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 26 లక్షల కిలోలు. అందులో కాడ్మియం అనే విషలోహం కిలోకు 5 మిల్లీగ్రాములు ఉందని, దాన్ని 3కు దించాలని అనుకుందాం. తీయవలసింది 5.2 కిలోలు. చెట్లు ఏడాదికి 10 టన్నుల ఎండు కలప ఇస్తూ, కిలో కలపకు 10 మిల్లీగ్రాముల కాడ్మియం ఎక్కిస్తే, కలపతో పాటు ఏడాదికి బయటికి పోయేది 100 గ్రాములు. మొత్తానికి 52 ఏళ్ళు. అది కూడా కలపనంతా జాగ్రత్తగా వేరుచోట భద్రపరిస్తేనే. పొయ్యిలో పెడితే విషం వంటింటికి వస్తుంది. కాబట్టి చెడిన నేల మీద చెట్టు చేసే అసలు మేలు శుభ్రపరచడం కన్నా పట్టి ఉంచడం: దుమ్ము లేవకుండా, వానకు కొట్టుకుపోయి చెరువులో కలవకుండా ఆపడం. నా దృష్టిలో అది చిన్న మేలు కాదు, కానీ దాన్ని నేల బాగుపడటం అనకూడదు.

త్వరగా పెరిగేవా, ఇక్కడివా

దిబ్బల మీద ఏం నాటాలన్న దగ్గర రెండు వాదాలున్నాయి, రెంటికీ బలం ఉంది. ఆస్ట్రేలియా తుమ్మలు, సరుగుడు, జామాయిల్ వంటివి నాటేవారు చెప్పేదేమంటే, దిబ్బ జారకముందే దాన్ని కప్పాలి, పేద నేలలో అంత త్వరగా ఎదిగేవి అవే, రాలిన ఆకుతో మట్టికి కాస్త జీవం వచ్చాక ఇక్కడి జాతులు వాటి నీడలో వస్తాయి అని. ఎదుటివారు చెప్పేదేమంటే, ఆ తోటల కింద దళసరి ఆకు పేరుకుని వేరే మొక్క మొలవక ముప్పై ఏళ్ళైనా తోట తోటగానే ఉండిపోయిన చోట్లున్నాయి, పైగా కలపకొచ్చాక కొట్టేసి మళ్ళీ మొదటికి తెస్తారు అని. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ గుమ్‌గావ్ మాంగనీసు గని దిబ్బ మీద చేసిన పని ఈ తగవును ఇంకో వైపుకు తిప్పింది: చక్కెర మిల్లు మడ్డిని కలిపి, నత్రజని సూక్ష్మజీవులనూ వేరు బూజునూ అందించి నాటితే, దేశవాళీ చెట్లు కూడా అలాంటి దిబ్బ మీద నిలబడ్డాయి. ఏ మొక్క అన్న ప్రశ్నకన్నా దాని వేరుకు తోడు ఎవరన్న ప్రశ్న ముందు వస్తుందని నాకు దీన్నిబట్టి తోస్తోంది.

పశ్చిమ ఆస్ట్రేలియాలోని డార్లింగ్ కొండల్లో కూడా బాక్సైటు తవ్వుతారు. అక్కడ పై మట్టిని కుప్ప పోసి ఉంచకుండా, ఒక గుంట నుంచి తీసినదాన్ని అప్పుడే తవ్వడం పూర్తయిన ఇంకో గుంటలో పరిచినప్పుడు, దాచి పరిచినదానికన్నా ఎక్కువ జాతులు వాటంతట అవే మొలిచాయి. విత్తనమూ బూజూ కుప్పలో ఏళ్ళ తరబడి బతకవు. అంత జాగ్రత్త తీసుకున్నా అక్కడి పాత అడవి పూర్తిగా తిరిగివచ్చిందా అన్నది ఇంకా వాదులాట లోనే ఉంది.

మన సాల విషయంలో గడువు ఇంకా తక్కువ. జూన్‌లో తొలకరికి రాలే దాని గింజ సుమారు వారం రోజులే మొలకెత్తే శక్తి నిలుపుకుంటుంది. అందుకే దాన్ని సంచుల్లో నిల్వచేసి దిబ్బల మీద చల్లడం కుదరదు. కాయకు ఐదు రెక్కలుంటాయి, గాలి దాన్ని కొంత దూరం మోసుకుపోతుంది. దిబ్బ అంచున తల్లిచెట్టు ఇంకా నిలిచి ఉన్న చోట ఆ కాయ తిరుగుతూ వచ్చి దిబ్బ మీద వాలుతుంది. పడ్డచోట బోడ బూజు ఉంటే వేరు దాన్ని కలుసుకుని, తరువాతి కొన్ని ఎండాకాలాలు పైన చచ్చినట్టే ఉంటూ కింద లావెక్కుతుంది.